కనుపాప తీయని బొమ్మ

2-1-2007

రఘు ఈ డైరీ తెచ్చి ఇచ్చాడు. నంద్యాలలో విత్తనాల కంపెనీ వాళ్ళు ఊరికే పంచుతారట. ప్రతి పేజీ కింద పత్తికాయ బొమ్మ ఉంది.

"రాసుకో నాయనా. నోరెట్లా తెరవవు, చేత్తోనన్నా మాట్లాడు" అన్నాడు. వాళ్ళమ్మ చూడామణి పడీపడీ నవ్వింది.

నాకు రాసే అలవాటు లేదు. మా పల్లెలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత ఆళ్ళగడ్డ వచ్చి ఉలి పట్టాను. అయినా రాస్తాను. ఇంట్లో ఏదైనా అంటే పోట్లాట. ఇక్కడ అంటే ఎవరూ జవాబు చెప్పరు.

ముందు ఇది రాయాలి. నా కొడుకు ఉలి పట్టలేదు. నంద్యాల బస్టాండు దగ్గర కంప్యూటర్లు పెట్టుకుని నెట్టు అంగడి నడుపుతున్నాడు. ఒకసారి పోయి చూశాను. చిన్న చిన్న చెక్క గదులు, వాటికి గుడ్డ తెరలు. తెర వెనక కూర్చుని ఎవరెవరి ముఖాలో చూసి నవ్వుకుంటున్నారు. ఆ ముఖాల వాళ్ళకు ఈ సంగతి తెలుసా అని అడిగాను. "తెలియాలనే పెట్టుకుంటారు నాయనా" అన్నాడు. తలుపు వేసుకుని చేసే పని అందరికీ చూపించడం ఏమిటో, అందరికీ చూపించేదానికి మళ్ళీ తెర ఎందుకో.

మళ్ళీ ఆ అంగడికి పోలేదు.

10-1

సంజామల పక్క పల్లె నుంచి ఒకామె వచ్చింది. పేరు నరసింహమ్మ. కొడుకు బొమ్మ కావాలంది. నడుము దాకా చాలంది.

కొడుకు పేరు హరి. ఆ పేరు నాకు గుర్తుంది, పేపర్లో వచ్చింది. వాళ్ళ ఊరి పెద్దింటివాళ్ళు ఒక మనిషిని నరికారు. చూసినవాడు హరి ఒక్కడే. కోర్టులో నిలబడి వేలు చూపించి చెప్పాడు. ఇద్దరికి జైలు పడింది. మిగిలినవాళ్ళు వాణ్ణి వదిలిపెట్టేది లేదని నలుగురిలోనే అన్నారు. కొన్నాళ్ళకు హరి కనబడకుండా పోయాడు. కాలవ గట్టున చొక్కా, చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు. చంపి నీళ్ళలో తోశారని కొందరు, దొరికేదాకా వెతుకుతూనే ఉన్నారని కొందరు.

ఇన్నాళ్ళూ ఆమె కర్మ చేయలేదు. ఈమధ్యే చేసిందట.

"చేని గట్టు మీద పెడతాప్పా. దోవన పొయ్యే ప్రతి ఒక్కడూ సూడల్ల. హరి సచ్చిపోయినాడని తెలియల్ల."

బొమ్మలకు వచ్చే తల్లులు ఏడుస్తారు. ఫోటో చేతికి ఇచ్చేటప్పుడు ఇంకా ఏడుస్తారు. ఈమె ఏడవలేదు. ఫోటోను అంచులు పట్టుకుని, ముఖం మీద వేలు పడకుండా ఇచ్చింది.

28-1

నరసింహమ్మ పని చూడటానికి వచ్చింది. షెడ్డులో నా ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఏమీ అనలేదు. అటువంటి మనుషులంటే నాకు ఇబ్బంది ఉండదు.

తర్వాత లేచి బొమ్మ దగ్గరికి వచ్చింది.

"చెంపలు ఇంత లోపలికి వద్దుప్పా. ఇప్పుడు రవ్వంత ఒళ్ళు చేసినాడు."

అని ఆగిపోయింది.

నేను సుత్తి ఆపలేదు. ఆపితే విన్నట్టు తెలిసిపోతుంది.

"అంటే... పొయ్యే ముందర" అంది.

"సరేమ్మా" అన్నాను.

29-1

ఆమె అన్న మాట గురించి ఇక్కడ రాయను.

30-1

చెంపల దగ్గర రాయి ఇంకా మిగిలే ఉంది. తీయకుండా అట్లే ఉంచాను.

11-2

బొమ్మ పని అయింది. కండ్లు మిగిలాయి.

దేవుడి బొమ్మకైనా, మనిషి బొమ్మకైనా కండ్లు చివరనే తెరవాలి. కనుగుడ్డు నున్నగా వదిలేసి, అంతా అయ్యాక సన్న ఉలితో కనుపాప తీస్తాం. బతికి ఉన్న మనిషి బొమ్మకు మాత్రం తీయం. తీస్తే ఆ మనిషి చూపు రాయిలోకి వచ్చేస్తుందని మా నాయన అనేవాడు. ఆయన కాలంలో ఒక పెద్దమనిషి బతికుండగానే తన బొమ్మ చేయించుకున్నాడు. కండ్లు తెరవమని తిట్టాడు, మనుషుల్ని పంపి బెదిరించాడు. నాయన తెరవలేదు. ఆ పెద్దమనిషి పోయిన రోజు ఉలి సంచి తీసుకుని పోయి, శవం ఇంట్లో ఉండగానే తెరిచి వచ్చాడు.

నేను సన్న ఉలి పట్టుకుని కూర్చున్నాను. చూడామణి వచ్చింది.

"ఏంది, కండ్ల కాడ ఆగినావు? చెయ్యి వణుకుతాందా?"

"ఊ" అన్నాను.

"మనకూ వయసైపాయె. పోనీలే, రేపు తెరుద్దువు."

నా చేయి వణకడం లేదు.

18-2

ఈరోజు బొమ్మను ట్రాక్టరులో వేసుకుని పోయి చేని గట్టున నిలబెట్టాం. సాయం పట్టడానికి రఘు వచ్చాడు.

శనగ కోసేసిన చేను. పక్కనే సంజామల పోయే రోడ్డు. నరసింహమ్మ బొమ్మ ముఖం మీది గుడ్డ తీసింది. కండ్ల వైపే చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను నేల చూశాను.

ఆమె ఇంటికి పోయి హరి తలగుడ్డ తెచ్చింది. బొమ్మ తలకు చుట్టి, నొసటి కిందికి లాగింది. కండ్ల మీద నీడ పడింది.

"ఎండకు" అంది, ఎవరూ అడగకముందే.

ఊరివాళ్ళు వచ్చారు. కొందరు దండం పెట్టారు. ముసలామె ఒకతె ఏడ్చింది. నరసింహమ్మ అందరినీ అన్నానికి పిలుచుకుని పోయింది. నేనూ రఘూ బొమ్మ దగ్గర ఆగాం. వాడు సెల్‌ఫోను తీసి ఫోటోలు తీశాడు. నీడకు ముఖం సరిగ్గా పడలేదట. తలగుడ్డ పైకి జరిపి మళ్ళీ తీశాడు.

"నీ పని లోకమంతా సూస్తాది నాయనా. నెట్లో పెడతా. ఆర్డర్లు వాటంతట అవే వస్తాయి" అన్నాడు.

నేనేమీ అనలేదు.

25-2

రఘు వచ్చాడు. నెట్టులో ఆళ్ళగడ్డ శిల్పాల కోసం ఒక గుంపు పెట్టాడట. నేను చేసిన బొమ్మలన్నీ పెట్టాడట. అన్నిటికంటే హరి బొమ్మనే ఎక్కువ మంది చూశారట. వాళ్ళు రాసిన మాటలు కాగితం మీద రాసుకుని వచ్చి చదివాడు. దుబాయిలో ఉండే మనిషి ఒకడు, హైదరాబాదులో చదివే పిల్ల ఒకతె. మనకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"రాయి మాట్లాడుతాన్నట్టే ఉంది అని రాసినారు నాయనా."

"ఇంట్లో ఈయన మాట్లాడడు. ఈయన చెక్కిన రాయి మాట్లాడుతాదంటనా!" అంది చూడామణి.

ముక్కూ ముఖం తెలియనివాళ్ళ మెప్పు నాకు ఎందుకు. దానితో పని లేదని చెప్పాను. సరిగ్గా వినపడలేదని ఇంకొకసారి చదివించుకున్నాను.

1-3

ఎస్టీడీ బూతుకు పోయి రఘుకు ఫోను చేశాను. ఇంకెవరైనా రాశారా అని అడిగాను. ఊరికే అడిగాను.

8-3

రఘు పొద్దున్నే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మన కులపాయన ఒగడు రాసినాడు నాయనా. బెంగళూరులో ఉంటాడంట. వాళ్ళ తాత మన ఆళ్ళగడ్డలోనే ఉలి పట్టినాడంట."

చదివాడు. పని గొప్పగా ఉందని మొదలుపెట్టాడు ఆయన. తర్వాత ఇట్లా రాశాడు. కానీ ఫోటో పెద్దది చేసి చూడండి, కండ్లు తెరవలేదు. మన పెద్దలు బతికి ఉన్న మనిషికి మాత్రమే కండ్లు తెరవకుండా వదిలేవారు. శిల్పిగారు మర్చిపోయారా, లేక ఆ మనిషి ఎక్కడో బతికే ఉన్నాడా?

చివర నవ్వుతున్న ముఖం బొమ్మ పెట్టాడట.

"దీని కిందనే జనం ఎగబడి రాస్తాండారు. జవాబేం పెట్టల్ల? నిజంగానే మర్చిపోయినావా?"

"తీసెయ్" అన్నాను.

"యాంది?"

"ఆ ఫోటో తీసెయ్."

"ఎందుకు తీయల్ల? ఇంత మంది ఎప్పుడూ రాల్యా నా గుంపుకు. ఎందుకో చెప్పు, తీస్తా."

చెప్పలేకపోయాను. చెబితే ఇంకొకరికి తెలిసినట్టు అవుతుంది. నా కొడుకే. అయినా.

వాడు కోపంగా బస్సెక్కి పోయాడు. ఆ బెంగళూరు మనిషి మీద నాకు మండిపోతోంది. తాత చెప్పిన మాట ఇంట్లో దాచుకోవలసింది. తనకు తెలుసునని చూపించుకోవడానికి ఊరందరి ముందు పరిచాడు. హరి ఎవరో వాడికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

తలగుడ్డ జరపవద్దని ఆ రోజు నేను తల అడ్డంగా ఊపాను. రఘు చూసి ఉండడు.

11-3

రఘు మళ్ళీ వచ్చాడు. తీయలేదు. పైగా నవ్వుకుంటూ వచ్చాడు.

"తమాషా జరుగుతాంది నాయనా. ఒగడు హరిని సినిమా టాకీసులో చూసినానంటాడు. ఇంగొగడు మా పెండ్లిలో వడ్డించినాడంటాడు. లారీ ఓనరు ఒగాయన అయితే, ఈ మనిషి హుబ్లీలో టైర్ల షెడ్డులో ఉండాడు, పోయిన నెల నా లారీకి పంక్చర్ ఏసినాడు, కండ్లు తెరుచుకోనే ఏసినాడు అని..."

ఆగిపోయాడు. నా ముఖం చూశాడు.

సంజామల వైపు పల్లె నుంచి ఇంకెక్కడికి పోతారు. నంద్యాలలో రైలెక్కితే హుబ్లీ. కొడుకును చూసి వచ్చేదేమో, నరసింహమ్మ మాటల మధ్య కన్నడం మాటలు దొర్లాయి. నేను వినలేదనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నాయనా" అన్నాడు రఘు. "బతికే ఉన్నాడా?"

"తీసెయ్."

ఈసారి ఎందుకని అడగలేదు. అప్పుడే బస్టాండుకు పరుగెత్తాడు. అన్నం కూడా తినలేదు.

12-3

నరసింహమ్మ ఊరికి పోయాను. బస్సులో కూర్చుని ఏం చెప్పాలో ఒకటికి పదిసార్లు అనుకున్నాను. ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టింది. నీళ్ళు ఇచ్చింది. అనుకున్న మాట ఒక్కటీ రాలేదు. వీధిలో మనుషులు పోతున్నారు. ఆమె గింజలు చెరుగుతోంది.

"హుబ్లీ" అన్నాను.

చాట ఆగింది.

"ఎవురు చెప్పినారు?"

"అందరూ."

చాట కింద పెట్టింది. గింజలు నేల మీద ఒలికాయి. ఎత్తలేదు.

"అందరూ అంటే?"

ఎట్లా చెప్పాలి. నా కొడుకు ఫోటో తీశాడు, దాన్ని దుబాయిలో వాడు చూశాడు, బెంగళూరులో వాడు కండ్లు చూశాడు, లారీ వాడు ముఖం చూశాడు. ఇంతమంది చూశారు. వీళ్ళలో ఒక్కడు కూడా ఆమె గడప తొక్కలేదు.

"కంప్యూటర్‌లో వచ్చిందమ్మా" అన్నాను.

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. సంజామలలో ఫోను చేసే అంగడి ఉంది. అప్పటికే నడుస్తోంది. వెనక్కి తిరిగి ఒక్క మాట అంది.

"నీకు తెలుసని నాకు తెలుసుప్పా. మనిద్దరితోనే పోతుందనుకున్యా."

14-3

రఘు ఫోటో తీసేశాడట. తీసినా పోలేదట. చూసినవాళ్ళు ఎవరి యంత్రాల్లో వాళ్ళు దాచుకున్నారట. ఒకడు ఇంకో గుంపులో పెట్టాడట. నాకు అర్థం కాలేదని ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు. నాకు అర్థమయింది.

17-3

సాయంత్రం కేబుల్ వాళ్ళు ఊరి వార్తలు చెప్తారు. నీళ్ళ ట్యాంకర్లు, తప్పిపోయిన ఎనుములు, అటువంటివి. ఈరోజు హరి బొమ్మ చూపించారు. రఘు తీసిన ఫోటోనే. కింద అక్షరాలు పరుగెత్తాయి. బతికున్న మనిషికి విగ్రహమా? నెట్‌లో సంచలనం! వార్తలు చదివే పిల్ల నవ్వు ఆపుకుంటూ చదివింది.

ముందు ఏదైనా వార్త రాయాలంటే ఒక విలేకరి సైకిలేసుకుని వచ్చేవాడు. ఏం జరిగిందప్పా అని అడిగేవాడు. చెప్పవద్దంటే కొన్ని రాయకుండా కూడా పోయేవాడు. ఈ కేబుల్ ఆఫీసు మా వీధి చివరనే ఉంది. ఎవరూ వచ్చి అడగలేదు. ప్రపంచంలో ఎవడో రాసింది చూసి, పక్కింటి మనిషి సంగతి చెప్పారు.

టీ అంగడి దగ్గర ఒకడు పిలిచాడు. "ఆచారప్పా, నా పెండ్లాం పుట్టింటి నుంచి వస్తాంది. నా బొమ్మ ఒగటి బేగా చెక్కు, సచ్చినానని చెప్పుకుంటా." అందరూ నవ్వారు. టీ తాగకుండా వచ్చేశాను.

22-3

మోటారు సైకిల్ మీద ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు. షెడ్డు బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. చేతిలో రంగు కాగితం, దాని మీద హరి బొమ్మ. నరసింహమ్మ ఊరి పెద్దింటికి అల్లుడినని తనే చెప్పాడు. దాచలేదు.

"పెద్దాయనా, చిన్న సందేహం. నాకు శిల్పాలంటే బో ఇష్టం. ఈ కండ్లు తెరవల్యా గదా?"

నేను ఉలి నూరుతూనే ఉన్నాను.

"జనం ఏందేందో అనుకుంటాండారు. నేను అదేం కాదన్యా. ముసలాయన, మర్చిపోయింటాడు అన్యా. మర్చిపోయినావు గదా?"

"ఊ."

"అంతే. మనిషన్నాక మరుపు రాదా. ఇప్పుడు మతికొచ్చింది గదా. రేపు పోయి తెరిచేద్దాం. నేనే పిలుచుకోని పోతా. కండ్లు తెరిచేది నేనెప్పుడూ సూడల్యా."

చూడామణి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమెకేం తెలుసు. అతను నిలబడి తాగాడు. తొట్టి దగ్గరికి పోయి గ్లాసు తనే కడిగి ఇచ్చాడు.

"మంచి పిల్లోడు" అంది చూడామణి, అతను పోయాక.

23-3

అతని వెనక కూర్చుని పోయాను. ఒళ్ళో ఉలి సంచి. గుంతలు వచ్చినప్పుడల్లా "గట్టిగా పట్టుకో పెద్దాయనా" అన్నాడు.

నరసింహమ్మ చేనిలో శనగ పొట్టు ఎత్తుతోంది. మమ్మల్ని చూసి నిలబడింది.

"అమ్మా, బొమ్మకు రవ్వంత పని మిగిలిందంట" అన్నాడు అతను.

ఆమె అతన్ని చూసింది. సంచి చూసింది. నన్ను చూసింది. తెరవను అంటే హరి బతికి ఉన్నాడని చెప్పినట్టు. తెరుస్తాను అంటే... నాయన ముఖం గుర్తుకు వచ్చింది.

అప్పుడు ఆమె అరిచింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగేటట్టు అరిచింది.

"ఏందప్పా ఆచారీ! సగం పని చేసి సేతులు దులుపుకోని పోయినావా? సచ్చినోని కండ్లు తెరిచేది సేత గాల్యా నీకు? నా కొడుకును గుడ్డోణ్ణి చేసి నడి రోడ్డున నిలబెట్టినావు! నలుగురూ నవ్వుతాండారు నన్ను చూసి! తెరువు!"

నేను కదల్లేదు.

"తెరువుప్పా" అంది మళ్ళీ. ఈసారి మెల్లగా.

తలగుడ్డ తనే విప్పింది. బొమ్మ వెనక నిలబడి, రెండు చేతులతో తల పట్టుకుంది. కాటుక పెట్టేటప్పుడు బిడ్డ తల కదలకుండా పట్టుకుంటారే, అట్లా. రాతి తల యాడికి కదులుతుంది.

కుడి కన్ను ముందు తెరవాలి. తెరిచాను. తర్వాత ఎడమది. రాతి పొడి గుంతలో నిలుస్తుంది. నోటితో ఊదాలి. ఊదాను. ఆమె చేతుల మీద పడింది.

అతను వంగి దగ్గరగా చూశాడు. "అబ్బ" అన్నాడు. ఫోను తీసి ఫోటో తీసుకున్నాడు. బొమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

"పాపం, మంచోడు సచ్చిపోయినాడు" అన్నాడు.

నన్ను మళ్ళీ ఇంటి దాకా తెచ్చి దింపాడు.

24-3

ఉలి పట్టలేదు. చేయి వణుకుతోంది.

26-3

రాయి రాయే. రాయికి కండ్లు తీస్తే మనిషికి ఏమీ కాదు. నాయన కాలం మాటలు అవి.

30-3

రఘు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు.

"ఆ కళ్ళద్దాలోడు పెట్టినాడు నాయనా. ముందరిదీ, ఇప్పటిదీ, రెండు ఫోటోలూ పక్కపక్కన. కింద ఒగటే మాట రాసినాడు. అడిగితే తెరిచినారు, అని."

నమ్మలేదన్నమాట. అక్కడ నిలబడి దండం పెట్టిన మనిషి ఏమీ నమ్మలేదు. ఆమె అరిచిన అరుపు, నేను తెరిచిన కండ్లు, అంతా కలిపి ఒక్క ముక్కలో లోకానికి చెప్పాడు. ఇప్పుడు నిన్న మొన్నటిదాకా అనుమానం లేనివాళ్ళు కూడా హరి యాడ ఉన్నాడని పందెం కాస్తున్నారట. వెతికేది ఒక్క ఇంటివాళ్ళు. వాళ్ళకు ఊరూరా మనుషులు దొరికారు, పిలవకుండానే.

"నువ్వు పెట్టినావు. నువ్వు తీయలేవా?" అన్నాను.

"తీసేది నా సేతిలో ల్యాదని ఎన్ని తూర్లు చెప్పల్ల!"

"మల్ల ఎందుకు పెట్టినావురా?"

వాడు లేచాడు. వాడి కంట్లో నీళ్ళున్నాయి, కోపం కూడా ఉంది.

"అంతా నా తప్పేనా? నువ్వు ఆ పొద్దే కండ్లు తెరిచి పెట్టింటే ఇదంతా యాడిది? నీ పద్ధతి నువ్వు ఇడవల్యా. అది నాకన్నా చెప్పల్యా. చెప్పింటే నేను పెడతాన్నా?"

చూడామణి వచ్చి మధ్యలో నిలబడింది. వాడు పోయాడు.

నా పనిలో తీసింది మళ్ళీ పెట్టలేను. వాడి పనిలో పెట్టింది మళ్ళీ తీయలేడట. ఇటువంటి పనిని పని అంటారా.

నేను ఆ రోజే చెప్పాను. తలగుడ్డ ముట్టుకోవద్దని నోరు తెరిచి చెప్పాను. వాడే వినలేదు.

6-4

నరసింహమ్మ వచ్చింది. షెడ్డులో పాత చోటే కూర్చుంది.

"మూయల్లప్పా" అంది.

"ఏందమ్మా?"

"కండ్లు. మూయల్ల."

"రాయిని తెరిచేదే కానీ మూసేది లేదమ్మా."

"సిమెంటు పెట్టి పూయ్."

"నిలవదు. ఎండకు ఊడొస్తుంది."

హరి హుబ్లీ వదిలిపెట్టాడట. వారానికోసారి సంజామల ఫోను అంగడికి ఫోను చేస్తాడట. ఎక్కడి నుంచో ఆమెకే తెలియదు. చెప్పవద్దని తనే అందట.

"నాకు తెలిస్తే నా మొగంలో చదువుతారు. ఇంత మంది చదివేవాళ్ళు అయిపోయినారు గదా" అంది.

లేచింది.

"నువ్వు మూయకపోతే నేనే మూస్తా. రేగడి మన్ను తడిపి పూస్తా. ఎండి రాలితే మల్ల పూస్తా. వాని ఫోను వచ్చినన్ని దినాలు పూస్తా."

"ఎవరైనా అడిగితే?"

"పిచ్చిది అంటారు. అననీ. అదొగటన్నా నిజం అనుకుంటారు."

15-4

బస్సులో పోయి చూసి వచ్చాను. రెండు కండ్లకూ మన్ను ఉంది. తాకితే ఇంకా చెమ్మగా ఉంది. నరసింహమ్మ ఇంటికి పోలేదు. అదే బస్సుకు తిరిగి వచ్చాను.

చాలా రోజులకు కడుపు నిండా తిన్నాను.

22-4

మన్ను ఉంది.

29-4

ఉంది. ఎడమ కంటిది కొంచెం నెర్రె పడింది. వేలు తడిపి సరిచేశాను. ఎవరూ చూడలేదు.

4-5

రఘు ఈమధ్య ఎవరి ఫోటో పెట్టడం లేదట. నేను నమ్మను. అంగడి మాత్రం మూయలేదు.

వాడే చెప్పాడు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి మన్ను కండ్ల బొమ్మను ఫోటోలు తీస్తున్నారట. తల్లి ప్రేమ అని పేరు పెట్టారట. చూసి ఏడుస్తున్నామని రాస్తున్నారట. రోజూ ఎవరో ఒకరు కొత్త ఫోటో పెడుతూనే ఉన్నారట.

"రోజూనా?" అన్నాను.

"రోజూ."

వాడూ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఆమె పూసే మన్ను ఆమెకూ, హరికీ, నాకూ మధ్య మాట. ఇప్పుడు ఆ ఫోటోల్లో మన్ను చూసి, కొడుకు ఫోను ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు రాలేదో పెద్దింటివాళ్ళు కుర్చీలో కూర్చునే చూడవచ్చు.

ఆమెకు చెప్పాలి. పూయవద్దని ఎట్లా చెప్పాలి. ఆదివారం పోయి చెప్తాను.

6-5

పోయాను. ఆమె బొమ్మ ముందర కూర్చుని మన్ను పిసుకుతోంది. ముఖం తేటగా ఉంది. ముందు రోజే ఫోను వచ్చినట్టుంది.

చెప్పలేదు. ఇంకొకసారి చెప్తాను.

13-5

మన్ను ఉంది. ఎండింది. రాలలేదు.

20-5

ఎండ మంట. మొదటి బస్సుకే పోయాను.

ఊరు మెదలకుండా ఉంది. బొమ్మ దగ్గర తలగుడ్డ లేదు. కండ్లు తెరిచి ఉన్నాయి. కనుపాప గుంతల్లో కూడా మన్ను లేదు. పుల్లతో గీకి, గుడ్డతో తుడిచినట్టు ఉన్నాయి. నేను తీసిన రోజు కూడా అంత శుభ్రంగా లేవు.

భుజాల మీద దుమ్ము మాత్రం అట్లే ఉంది. వేలితో గీస్తే గీత పడింది.

మోటారు సైకిల్ ఆపి ఎవరో ఒకతను ఫోను తీశాడు.

"పెద్దాయనా, రవ్వంత పక్కకు జరుగుతావా? అడ్డమొస్తాండావు."

జరిగాను.

నరసింహమ్మ ఇంటి వైపు పోలేదు. బస్సుకు టైం అయింది.

రాత్రి వాన పడి ఉంటుంది. ఆ పక్క పడి ఉంటుంది.